పాత జీపుల టైరు కొలతలు

పాత జీపుల టైరు కొలత ఎంపిక అనగా విల్లీస్, మహీంద్రా మొదలైన పాతకాలపు ఫోర్ వీల్ డ్రైవ్ జీపులకు వాటి గేర్లు, స్టీరింగు, బ్రేకులు, రిమ్ములు, తిరిగే నేల అనే ఐదింటికీ సరిపడే టైరును నిర్ణయించడం. ఈ జీపులలో అధిక భాగానికి కర్మాగారంలో అమర్చిన కొలత 6.00-16. ఇంతకంటె పెద్ద టైరు వేస్తే బండి ఎత్తుగా, దృఢంగా కనిపిస్తుంది. కాని ఆ ఎత్తుకు మూల్యం ఇంజను లాగుడులోను, బ్రేకు పట్టులోను చెల్లించవలసి వస్తుంది. తెలంగాణ ఉత్తర భాగాన ఉన్న పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో నల్లరేగడి, చెల్క నేల, ఇసుక వాగు, రాతి ఘాటు ఒకే రోజు ప్రయాణంలో ఎదురుకావచ్చు. అందువలన ఇక్కడ ఈ ఎంపికకు మరింత జాగ్రత్త అవసరం.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాకు చెందిన విల్లీస్-ఓవర్‌లాండ్, ఫోర్డ్ సంస్థలు 1941 నుండి 1945 వరకు ఒకే నమూనాలో ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. విల్లీస్ జీపును ఎంబీ అనేవారు. యుద్ధానంతరం అదే సంస్థ సీజే అనే పేరుతో పౌర జీపులను విడుదల చేసింది. భారతదేశంలో 1945లో స్థాపితమై, 1948లో ప్రస్తుత పేరు పొందిన మహీంద్రా అండ్ మహీంద్రా సంస్థ 1940ల చివరలో ముంబయిలో ఈ జీపులను విడిభాగాలతో కూర్చడం ప్రారంభించింది. ఎత్తైన బానెట్ గల సీజే-3బీ నమూనా అమెరికాలో 1953లో మొదలై 1968తో ముగియగా, భారతదేశంలో దాని వంశం ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగింది. 1980లలో వచ్చిన ఎంఎం 540 డీజిల్ జీపు ఆ వంశంలోనిదే. 1985లో మారుతి సంస్థ జిప్సీని విడుదల చేసింది.

అటవీ, రెవెన్యూ, పోలీసు శాఖల పని మీద తారు రోడ్డు లేని గ్రామాలకు చేరిన వాహనాలలో ఈ జీపులదే ప్రధాన స్థానం. ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ ప్రాంతాల గోండు గూడేలకు, జన్నారం వైపు అడవులకు బస్సు చేరక ముందు జీపే ఆధారం. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఆదిలాబాద్ జిల్లా నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు, కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో జిల్లాల పేర్లను పూర్వపు హద్దులతోనే గ్రహించాలి. శాఖలు వేలంలో అమ్మిన జీపులు చేతులు మారి, మరమ్మతు పొంది, పొలం పనులకో, అభిరుచి కొరకో మిగిలి ఉంటాయి. అట్టి జీపును కొన్నవారికి మొదట ఎదురయ్యే పెద్ద ఖర్చు తరచుగా టైర్లే.

కొలతను చదవడం

6.00-16 అనే అంకెలో మొదటిది టైరు నామమాత్రపు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం. రెండూ అంగుళాలలోనే ఉంటాయి. మధ్యనున్న చిన్న గీత, ఇది రేడియల్ కాదు, నైలాను దారాలు ఏటవాలుగా అల్లిన పాత పద్ధతి టైరు అని తెలియజేస్తుంది. టైరు ఎత్తు ఎంతో ఈ అంకెలో లేదు. ఆ కాలపు టైర్లలో పక్కగోడ ఎత్తు దాదాపు వెడల్పుతో సమానంగా ఉండేది కనుక దానిని వేరుగా వ్రాయవలసిన అవసరం కలగలేదు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ఆరు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు అనుకొని లెక్కిస్తే టైరు వ్యాసం 16+6+6=28 అంగుళాలు, అనగా 711 మి.మీ. వస్తుంది. నిజానికి గాలి నింపిన 6.00-16 జీపు టైరు వెడల్పు సుమారు 170 మి.మీ., వ్యాసం సుమారు 732 మి.మీ. ఉంటుంది. కాబట్టి పాత పద్ధతి కొలతలకు సూత్రం కంటె తయారీదారు పట్టికే ప్రమాణం. అదే వరుసలో 6.50-16 వ్యాసం సుమారు 755, 7.00-16 వ్యాసం సుమారు 778, 7.50-16 వ్యాసం సుమారు 805 మి.మీ. కంపెనీని బట్టి, గట్ల లోతును బట్టి ఈ సంఖ్యలలో కొద్దిపాటి తేడా ఉంటుంది.

కొత్త పద్ధతిలోని 235/75 ఆర్ 15 వంటి కొలతకు సూత్రం సరిగ్గా పనిచేస్తుంది. వెడల్పు 235 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, అనగా 176.25 మి.మీ. రెండు పక్కగోడలు కలిపి 352.5. దానికి 15 అంగుళాల రిమ్ము, అనగా 381 మి.మీ. కలిపితే 733.5 మి.మీ. వస్తుంది. ఇది 6.00-16 వ్యాసంతో ఇంచుమించు సమానం. రేడియల్ వేయదలచినవారు తరచుగా ఈ కొలత వైపు చూడడానికి కారణం ఇదే. బొలేరో వాడే 215/75 ఆర్ 15 వ్యాసం ఇదే లెక్కన 703.5 మి.మీ., అసలు కంటె నాలుగు శాతం తక్కువ. జిప్సీకి తరువాతి కాలంలో వచ్చిన 205/70 ఆర్ 15 టైరు 668 మి.మీ. మాత్రమే. దీనిని జీపుకు తగిలిస్తే బండి కడుపు నేలకు 32 మి.మీ. దగ్గరవుతుంది.

పెద్ద టైరు వలన కలిగే మార్పులు

టైరు వ్యాసం పెరిగితే చక్రం ఒక చుట్టులో ఎక్కువ దూరం నడుస్తుంది. 6.00-16 టైరు కిలోమీటరుకు సుమారు 435 చుట్లు, 7.50-16 సుమారు 395 చుట్లు తిరుగుతుంది. స్పీడోమీటరు తీగకు చుట్లే తెలుసు, దూరం తెలియదు. అందువలన ముల్లు 40 చూపినపుడు బండి నిజ వేగం 44 కి.మీ. ఉంటుంది. ఓడోమీటరు కూడా అదే నిష్పత్తిలో తక్కువ నమోదు చేస్తుంది.

ఇంతకంటె ముఖ్యమైన మార్పు లాగుడులో వస్తుంది. సీజే-3బీ వెనుక ఇరుసులోని క్రౌన్, పినియన్ పళ్ళ నిష్పత్తి 5.38. అనగా ఇంజను నుండి వచ్చే షాఫ్టు 5.38 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. 7.50-16 టైరు వేస్తే ఈ నిష్పత్తి ఆచరణలో 4.89కి పడిపోతుంది. మొదటి గేరు, ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరు, ఇరుసు కలిపి అసలు జీపుకు సుమారు 37 రెట్ల తగ్గింపు ఉండగా, పెద్ద టైరుతో అది 34 దగ్గరకు వస్తుంది. ఘాటు ఎక్కేటపుడు పోయిన ఆ మూడు రెట్లను డ్రైవరు క్లచ్చి నొక్కి పట్టి పూరించుకోవాలి. నిర్మల్ సమీపంలోని మహబూబ్ ఘాట్ వంటి చోట పాత క్లచ్చి ప్లేటు ఎందుకు త్వరగా అరుగుతుందో దీనివలన గ్రహించవచ్చు.

దిగుడులో విషయం మరింత తీవ్రం. ఎంబీ, తొలి సీజే జీపుల బ్రేకు డ్రమ్ములు తొమ్మిది అంగుళాలవి. పవర్ బ్రేకు లేదు. డ్రమ్ము పరిమాణం మారకుండా టైరు పది శాతం పెరిగితే, పెడలు మీద అదే బలానికి నేల వద్ద లభించే నిలుపుదల సుమారు తొమ్మిది శాతం తగ్గుతుంది. టైరు, రిమ్ము బరువు కూడా పెరుగుతాయి కనుక వాస్తవంలో తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది. మనుషులతో నిండిన బండి వానలో మలుపు దిగుతున్నపుడు ఈ తొమ్మిది శాతం చిన్న సంఖ్య కాదు.

ఇన్ని కోల్పోయిన తరువాత లభించే లాభం ఎంత? వ్యాసంలో పెరిగిన 73 మి.మీ.లో సగం మాత్రమే ఇరుసును పైకి లేపుతుంది. అనగా ఒకటిన్నర అంగుళం కంటె తక్కువ. చాలామంది ఈ సగం సంగతి మరచిపోతారు.

వెడల్పు సమస్య వేరుగా ఉంది. ముందు చక్రాలను పూర్తిగా తిప్పినపుడు వెడల్పు టైరు లోపలి అంచు కమాన్ కట్టలను ఒరుసుకుంటుంది. 235 మి.మీ. టైరు అసలు కంటె 65 మి.మీ. వెడల్పు. రిమ్ము లోతు మారకపోతే లోపలి వైపు 32 మి.మీ. చొచ్చుకువస్తుంది. ఒరుపు తప్పించుటకు స్టీరింగు స్టాపరు బోల్టును బయటికి తీస్తే మలుపు వృత్తం పెద్దదవుతుంది, ఇరుకు అడవి బాటలో ఒక్కసారిలో తిరిగే చోట రెండుసార్లు వెనుకకు తీయవలసి వస్తుంది. పవర్ స్టీరింగు లేని ఈ బండ్లలో వెడల్పు టైరును నిలిచిన చోట తిప్పడం భుజాలకు శ్రమ, స్టీరింగు బాక్సుకు అరుగుదల.

ఎంతవరకు పెంచవచ్చు అనే ప్రశ్నకు చరిత్రలోనే సమాధానం ఉంది. 1950లో అమెరికా సైన్యం కొరకు వచ్చిన ఎం38 జీపుకు 5.38 నిష్పత్తి ఇరుసులతో 7.00-16 టైర్లను కర్మాగారంలోనే అమర్చారు. కాబట్టి ఇరుసులు, బ్రేకులు మంచి స్థితిలో ఉన్న జీపుకు 7.00-16ను గరిష్ఠ పరిమితిగా భావించవచ్చు. అసలు కంటె మూడు శాతం పెద్దదైన 6.50-16 వలన పైన చెప్పిన ఇబ్బందులు దాదాపు కనిపించవు. పాత ఎంబీ ఇరుసు నిష్పత్తి 4.88 మాత్రమే కనుక దానికి 6.00-16 దాటకపోవడమే మేలు.

ఒకే అంకె గల ట్రాక్టరు టైరు

కరీంనగర్ వంటి వ్యవసాయ జిల్లాలలో మరొక చిక్కు ఉంది. అనేక ట్రాక్టర్ల ముందు చక్రాల కొలత కూడా 6.00-16. పట్టణంలోని టైర్ల దుకాణంలో 6.00-16 అడిగితే మొదట దొరికేది తరచుగా ఇదే. చుట్టూ పట్టీల వలె మూడు నిలువు గట్లు ఉండడం దీని గుర్తు. అది జీపు రిమ్ముకు చక్కగా ఎక్కుతుంది, ధర కూడా ఆకర్షిస్తుంది. అయినా జీపుకు అది తగదు.

ట్రాక్టరు ముందు టైరు చేసే పని దున్నిన నేలలో పక్కకు జారకుండా దారి చూపడం. దానికి ఇంజను బలం అందదు. ఆ నిలువు గట్లకు ముందుకు లాగే పట్టు లేదు, తడి తారు మీద బ్రేకు పట్టు కూడా తక్కువ. వేగ పరిమితి మరింత ముఖ్యం. ఇటువంటి టైర్ల పక్కగోడ మీద ఏ6 అని ఉంటే గంటకు 30 కి.మీ., ఏ8 అని ఉంటే 40 కి.మీ. వేగానికి మాత్రమే వాటిని నిర్ణయించారని అర్థం. జీపు వేగానికి అట్టి టైరు వేడెక్కి పొరలు విడిపోవచ్చు. కనుక కొలతతో పాటు గట్ల ఆకారం, వేగ సంకేతం, బరువు సంకేతం, ప్లై రేటింగు చూచిన తరువాతనే కొనాలి. జీపుకు సాధారణంగా ఆరు ప్లై రేటింగు చాలు. అంతకంటె గట్టి టైరు ఖాళీ బండిలో కుదుపు పెంచుతుంది.

నేల స్వభావం

ఆదిలాబాద్ పత్తి నేలలైన జైనథ్, బేల, తాంసి ప్రాంతాల నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి రాయివలె ఉంటుంది. వానాకాలంలో తడిసి ఉబ్బి, టైరుకు ముద్దగా అంటుకుంటుంది. గట్ల మధ్య సందులు నిండిన క్షణాన ఎంత ఖరీదైన టైరైనా నున్నని చక్రమే. ఇక్కడ కావలసినది గట్ల మధ్య విశాలమైన సందు, మట్టి రాలిపోవడానికి మడ్‌గార్డుకు, టైరుకు మధ్య ఖాళీ. పెద్ద టైరు ఈ ఖాళీనే మింగివేస్తుంది. మడ్‌గార్డు కింద రేగడి బిగిసి చక్రం తిరగకుండా ఆగిపోవడం ఈ ప్రాంత డ్రైవర్లకు తెలిసినదే.

సన్నని టైరు బురదను కోసుకుంటూ కింది గట్టి పొరను అందుకుంటుంది. ఎడ్లబండి బాటలోను, మొరం పరచిన అటవీ బాటలోను ఇది పెద్ద సుగుణం. అయితే గట్టి పొర లోతుగా ఉన్న రేగడి చేనిలో అదే సన్నని టైరు ఇరుసు దాకా దిగబడుతుంది. అట్టి చేనులో వాన వెలిసిన రోజున ఏ టైరుతోనూ దిగకపోవడమే వివేకం.

కరీంనగర్ వైపు చెల్క, దుబ్బ నేలలలో నీరు త్వరగా ఇంకిపోతుంది. అక్కడ సాధారణ గట్ల టైరే సరిపోతుంది. మానేరు, గోదావరి, ప్రాణహిత తీరాల ఇసుకలో మాత్రం లోతైన గట్లు హాని చేస్తాయి, ఇసుకను తవ్వి బండిని పూడ్చివేస్తాయి. ఇసుకలో కొలత మార్చడం కంటె గాలి తగ్గించడం వలన ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. గాలి తగ్గితే టైరు నేలను ఆనుకునే మేర పొడవుగా సాగి బరువు పంచుకుంటుంది. రోడ్డు ఎక్కగానే మరల గాలి నింపాలి. ట్యూబు టైరులో గాలి మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి, దానితో పాటు ట్యూబు కదిలి, వాల్వు మొదట్లో తెగుతుంది. కనుక గాలిని సగానికి దించడం ఈ జీపులలో క్షేమం కాదు.

యుద్ధకాలపు జీపు టైరు మీద అడ్డంగా, రెండు దిశలలోనూ ఒకే రూపం కలిగిన గట్లు కనిపిస్తాయి. దిగబడిన బండిని వెనుకకు లాగినపుడు కూడా అదే పట్టు ఉండాలనే ఉద్దేశంతో అలా రూపొందించారు. చూపుకు అసలైన జీపు కావాలనుకొనేవారు దీనినే కోరుకుంటారు. కాని తడి తారు మీద దీని పట్టు తక్కువ, శబ్దం ఎక్కువ. ప్రదర్శన కొరకు కాక రోజూ తిరిగే జీపుకు సాధారణ గట్ల టైరు మేలు.

నాలుగూ సమానంగా ఉండవలసిన అవసరం

ఈ జీపుల ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేసినపుడు రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. వెనుక కొత్త టైర్లు, ముందు అరిగిన టైర్లు ఉండి వ్యాసంలో పది మి.మీ. తేడా ఉంటే, ప్రతి కిలోమీటరుకు రెండు ఇరుసుల మధ్య దాదాపు 14 మీటర్ల తేడా వస్తుంది. మెత్తని నేల మీద టైర్లు జారి ఆ తేడాను సర్దుకుంటాయి. గట్టి రోడ్డు మీద జారలేక షాఫ్టులలో మెలి పేరుకొని, ఫోర్ వీల్ గేరు కర్ర బిగుసుకుంటుంది, చివరికి క్రాసులో పళ్ళో విరుగుతాయి. రెండు టైర్లు ఇప్పుడు, రెండు వచ్చే ఏడాది అనే పొదుపు కారులో చెల్లవచ్చు గాని, ఫోర్ వీల్ వాడే జీపులో చెల్లదు. స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండాలి. ఐదింటినీ వంతులవారీగా మార్చుకుంటూ వాడితే సమంగా అరుగుతాయి. నైలాను, రేడియల్ టైర్లను కలిపి వాడకూడదు.

రిమ్ములు, నట్లు, ట్యూబులు

అసలు జీపు రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. దీనికి 6.00, 6.50 టైర్లు చక్కగా కూర్చుంటాయి. 7.50 టైరుకు ఆరు అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ముపై బిగిస్తే టైరు మధ్యభాగం ఉబ్బి అక్కడే అరుగుతుంది. ఈ రిమ్ములు ట్యూబు టైర్ల కొరకు చేసినవి. తుప్పు పట్టిన పాత రిమ్ముపై ట్యూబ్‌లెస్ ప్రయత్నం వద్దు.

జీపుకు, జిప్సీకి కూడా ఐదు బోల్టులు, ఐదున్నర అంగుళాల వృత్తం. బోల్టులు కలిసినంత మాత్రాన సరిపోదు, మధ్య రంధ్రం, రిమ్ము లోతు కూడా చూడాలి. పాత విల్లీస్ జీపులలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. విప్పడానికి సవ్యదిశలో తిప్పాలి. ఇది తెలియని పంక్చరు దుకాణంలో బోల్టులు విరగడం జరుగుతుంది.

సైనిక జీపులలో కొన్నిటికి రెండు ముక్కలుగా బోల్టులతో బిగించిన రిమ్ము ఉంటుంది. గాలి ఉండగా ఆ ముక్కలను కలిపే నట్లను విప్పితే రిమ్ము పేలినట్లు విడిపోయి ప్రాణం తీయగలదు. ముందుగా వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. చక్రాన్ని ఇరుసుకు బిగించే ఐదు నట్లు వేరు, రిమ్ము ముక్కలను కలిపే నట్లు వేరు అన్న సంగతిని టైరు విప్పే వ్యక్తికి యజమాని స్వయంగా చెప్పడం అవసరం.

టైరు వయసు

పాత జీపులు తక్కువ తిరుగుతాయి కనుక వాటి టైర్లు అరగకముందే ముసలివవుతాయి. పక్కగోడపై దీర్ఘవృత్తంలో ఉండే నాలుగంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 3521 అంటే 2021వ సంవత్సరం 35వ వారం. మూడంకెలే ఉంటే ఆ టైరు 2000 సంవత్సరానికి ముందుది, గట్లు ఎంత లోతుగా ఉన్నా రోడ్డుకు పనికిరాదు. జీపు టైర్లకు గిరాకీ తక్కువైనందున దుకాణంలోనే ఏళ్ళ తరబడి నిలువ ఉన్న సరుకు రావచ్చు. పక్కగోడను వంచి చూచినపుడు సన్నని పగుళ్ళు కనిపిస్తే, దాని మీద రీట్రెడింగు చేయించడం కూడా వృథా. 2009 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం వాహనాల టైర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నియమావళి 94వ నియమం కారు, జీపు వంటి వాహనాల టైర్లలో గట్ల లోతు 1.6 మి.మీ. కంటె తగ్గకూడదని నిర్దేశిస్తుంది. 95వ నియమం టైరు కొలతకు, ప్లై రేటింగుకు సంబంధించినది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. పదిహేనేళ్ళు దాటిన సొంత జీపుకు ఐదేళ్ళకొకసారి తనిఖీతో రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకువచ్చిన టైర్లు ఆ తనిఖీలో అభ్యంతరానికి దారితీయవచ్చు.

2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తూ ప్రత్యేక నియమాలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ చెల్లుబాటు, నంబరు పలకపై వీఏ అనే అక్షరాలు ఇందులోని అంశాలు. వాహనం అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరగరాదని షరతు. ఈ నంబరు గల వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప రోజువారీ ప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని వాడరాదు. అందువలన పొలం పనులకు తిరిగే జీపును ఈ వర్గంలో నమోదు చేయించడం తగదు. పెద్ద టైర్లకై మడ్‌గార్డులను కోయించిన జీపుకు తరువాతి కాలంలో ఈ గుర్తింపు కోరడం కష్టమవుతుంది.